బుల్లి కెర్నల్ లాగ్: రిజిస్టర్లు రెండు చోట్ల దాచాలి

మనం రాస్తున్న బుల్లి కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డులో, ఈ విడత పని: టైమర్ కొట్టగానే ఒక ప్రాసెస్‌ని (నడుస్తున్న ప్రోగ్రామ్‌ని) ఆపి ఇంకోదాన్ని నడిపించడం. 64 బిట్ల రిస్క్-ఫైవ్ ప్రాసెసర్, క్యూఎమ్యూ అనే ఎమ్యులేటర్‌లో ‘వర్ట్’ అనే ఊహా మెషిన్, ప్రస్తుతానికి ఒకటే కోర్. ప్రాసెస్‌లకి శ్రీకాకుళం జిల్లా ఊళ్ల పేర్లే పెట్టాం: పలాస, పొందూరు. ఎవరికీ పని లేనప్పుడు నడిచే ఐడిల్ త్రెడ్ పేరు ఆముదాలవలస. రైలు కోసం మనం కూర్చునేది అక్కడే కదా.

యూజర్ కోడ్ (ప్రాసెస్ సొంత కోడ్) నడుస్తుండగా వచ్చే టైమర్ ఇంటరప్ట్, అంటే పని ఆపమనే సంకేతం, చెప్పి రాదు. ఏ రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి గడిలో) ఏ లెక్క సగంలో ఉందో తెలీదు కాబట్టి అన్నీ దాచాల్సిందే. ఎక్స్1 నుంచి ఎక్స్31 దాకా 31, వాటితో ఎస్‌ఈపీసీ (ఆగిన చోటి చిరునామా), ఎస్‌స్టేటస్ (ప్రాసెసర్ స్థితి). మొత్తం 33 × 8 = 264 బైట్లు. స్టాక్ పాయింటర్ (స్టాక్ అనే తాత్కాలిక మెమరీ కొసని చూపేది) 16 గుణిజంగా ఉండాలి గనుక 272 తీసుకున్నాం. ఇలా కెర్నల్లోకి దూకడాన్ని ట్రాప్ అంటారు, అప్పుడు దాచిన ఈ గుత్తి ట్రాప్ ఫ్రేమ్, ఆ ప్రాసెస్ కెర్నల్ స్టాక్ మీదే ఉంటుంది.

దాచే రెండో చోటు కాంటెక్స్ట్. షెడ్యూలర్ (ఎవరి వంతో తేల్చే కోడ్) ప్రాసెస్‌ని మార్చే చోట, అంటే స్విచ్‌లో, జరిగేది మామూలు ఫంక్షన్ కాల్. కాల్ తర్వాత తాత్కాలిక రిజిస్టర్లు మిగలవని కంపైలర్‌కి ముందే తెలుసు, కావలసినవి తనే స్టాక్ మీద పెట్టుకుంటుంది. కాబట్టి ఆర్‌ఏ (తిరిగి వెళ్లే చిరునామా), ఎస్‌పీ (స్టాక్ పాయింటర్), కాల్ తర్వాతా విలువ నిలవాల్సిన ఎస్0 నుంచి ఎస్11: 14 రిజిస్టర్లు, 112 బైట్లు చాలు. పీసీని (నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ చిరునామాని) విడిగా దాచక్కర్లేదు. ఆర్‌ఏ మారింది గనుక చివర్లో రెట్ (ఫంక్షన్ నుంచి తిరిగెళ్లే ఇన్‌స్ట్రక్షన్) కొట్టగానే కొత్త ప్రాసెస్ తను ఆగిన చోటే లేస్తుంది.

ట్రాప్‌లోకి అడుగుపెట్టగానే చిక్కు ఏమిటంటే, దాచే పని మొదలెట్టడానికి ఒక్క రిజిస్టరూ ఖాళీగా ఉండదు. అందుకే ఎస్‌స్క్రాచ్ అనే కెర్నల్ సొంత రిజిస్టర్. యూజర్ కోడ్ నడుస్తున్నంతసేపు అందులో కెర్నల్ స్టాక్ పైకొస చిరునామా, కెర్నల్లో ఉన్నప్పుడు సున్నా. మొదటి ఇన్‌స్ట్రక్షన్‌తోనే ఎస్‌పీ, ఎస్‌స్క్రాచ్ ఇచ్చిపుచ్చుకుంటాయి. ఎస్‌పీలోకి సున్నా వచ్చిందంటే ట్రాప్ కెర్నల్లోంచే పడిందని అర్థం, వెంటనే తిరిగి మార్చేయాలి. ఇక్కడ జారే తప్పు ఒకటుంది: ట్రాప్ ఫ్రేమ్‌లోని ఎక్స్2 (ఎస్‌పీకి ఇంకో పేరు) గడిలో ఎస్‌పీని నేరుగా రాస్తే కెర్నల్ స్టాకే పడుతుంది. యూజర్‌ది అప్పటికి ఎస్‌స్క్రాచ్‌లో ఉంది, ముందు టీ0 అనే తాత్కాలిక రిజిస్టర్‌ని దాచి, దాని ద్వారా తీసి రాయాలి. జీపీని (గ్లోబల్ వేరియబుల్స్ చోటు చూపే రిజిస్టర్‌ని) దాచి ఊరుకున్నా కుదరదు. కెర్నల్ జీపీ మళ్లీ నింపకపోతే మన గ్లోబల్ వేరియబుల్స్‌ని యూజర్ చిరునామాల్లో వెతుక్కుంటుంది.

టైమర్ సులువే. వర్ట్ మెషిన్ గడియారం 10 మెగాహెర్ట్జ్, 10 మిల్లీసెకన్ల వంతుకి 1,00,000 టిక్కులు. ఇంటరప్ట్ లోపలే తర్వాతి టిక్కు పెట్టడం మరిస్తే పెండింగ్ బిట్ (ఇంటరప్ట్ ఇంకా ఉందనే గుర్తు) దిగదు. తిరిగి వెళ్లీ వెళ్లకముందే మళ్లీ ట్రాప్, ప్రాసెస్ ఒక్క అడుగూ వేయదు.

ఇంతవరకూ ఎప్పుడూ నడవని ప్రాసెస్‌కి తిరిగి వెళ్లే చోటంటూ ఉండదు. దొంగ కాంటెక్స్ట్ తయారు చేసి పెట్టాలి: ఎస్‌పీ ట్రాప్ ఫ్రేమ్ మొదలుకి, ఆర్‌ఏ ట్రాప్ నుంచి బయటికెళ్లే దారికి. కెర్నల్ త్రెడ్ (కెర్నల్ లోపలే నడిచేది) అయితే ఇంకో మెలిక. అది ఎస్‌రెట్ (ట్రాప్ నుంచి తిరిగెళ్లే ఇన్‌స్ట్రక్షన్) గుండా బయటపడదు గనుక ఇంటరప్ట్‌లు మూసే ఉంటాయి, మొదటి లైన్లోనే మనం తెరవాలి. లేదంటే మొదట ఎక్కినవాడు దిగడు, రెండోవాడు ఎక్కడు.

ఇక ఎక్కువ సమయం తిన్న తప్పు. పరీక్ష కోసం ప్రతి యూజర్ ప్రాసెస్ తన రిజిస్టర్లలో సొంత అంకెలు నింపి, లూపులో సరిచూస్తుంది. పలాసకి 1000 కలిపిన రిజిస్టర్ నంబరు, పొందూరుకి 2000 కలిపినది. స్టాక్ పాయింటర్‌ని మాత్రం వదిలేస్తాం. ఎంతసేపు నడిపినా ఒక్క తేడా లేదు. అదే కెర్నల్‌ని ఓ2 (కోడ్‌ని వేగంగా చేసే ఆప్టిమైజేషన్) పెట్టి కంపైల్ చేస్తే మన వైపు మాటలో ‘ఏటయ్యిందో తెల్దు’ అన్నట్టు షెడ్యూలర్ ఎక్కడికో పోయి పడుతోంది.

కారణం ఒక్క లైను. స్విచ్‌లో ఎస్11ని 104వ బైట్ దగ్గర దాస్తున్నాం, తిరిగి నింపే లైను లేదు. యూజర్ పరీక్షకి ఇది ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే యూజర్ ఎస్11 ట్రాప్ ఫ్రేమ్‌లోంచి చక్కగా వచ్చేస్తుంది. పాడయ్యేది కెర్నల్ ఎస్11. ఆప్టిమైజేషన్ లేనప్పుడు కంపైలర్ దాన్ని ముట్టుకోలేదు, ఓ2లో లోకల్ వేరియబుల్స్ ఎక్కువైన ఫంక్షన్‌కి అవసరం పడింది. ఇదే తిరగేసినా అంతే: ట్రాప్ ఫ్రేమ్‌లో ఎస్ రిజిస్టర్ ఒకటి మరిస్తే, కెర్నల్ సీ కోడూ స్విచ్చూ కలిసి దాన్ని కాపాడి తప్పుని కప్పేస్తాయి. ఒకదాని లోపం రెండోది దాచేస్తుంది కాబట్టి పరీక్షలు వేర్వేరుగా ఉండాలి.

అందుకని పలాస, పొందూరు పేర్లతోనే రెండు కెర్నల్ త్రెడ్లు రాశాం. ఎస్0 నుంచి ఎస్11 దాకా అవే అంకెలు నింపి, వంతు వదిలేసి, తిరిగి రాగానే చూసుకుంటాయి. ఇది అసెంబ్లీలోనే రాయాలి, సీలో రాస్తే ఆ రిజిస్టర్లు కంపైలర్ సొంతానికి వాడేస్తుంది. పలాస మొదటిసారి తిరిగి రాగానే దొరికింది: ఎస్11 అంటే ఎక్స్27, పలాసలో 1027 ఉండాల్సిన చోట 2027. పలాస జీడిపప్పు బస్తా విప్పితే పొందూరు ఖద్దరు బయటపడ్డట్టు. ఆఫ్‌సెట్లు (104 లాంటి బైట్ స్థానాలు) చేత్తో రాయడం మానేసి సీ స్ట్రక్చర్ నుంచే పుట్టిస్తున్నాం, సైజు 112 కాకపోతే బిల్డ్ ఆగిపోతుంది.

ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ అంకెల) రిజిస్టర్లు: 32 × 8 = 256 బైట్లు, పైన వాటి నియంత్రణ రిజిస్టర్ ఎఫ్‌సీఎస్‌ఆర్. కెర్నల్ ఫ్లోట్ లేకుండానే కంపైల్ అవుతోంది, కాబట్టి ట్రాప్‌లో వీటి జోలికి పోం. స్విచ్‌లో, దిగే ప్రాసెస్ ఎస్‌స్టేటస్‌లోని ఎఫ్‌ఎస్ (ఫ్లోట్ రిజిస్టర్ల స్థితి) విలువ 3, అంటే డర్టీ (మారాయి) అయితేనే దాచి 2కి, అంటే క్లీన్‌కి, దించుతాం. ఎక్కేవాడికి ఎఫ్‌ఎస్ సున్నా (ఆఫ్) కాకపోతే నింపాల్సిందే, కొత్తవాడైతే సున్నాలతో. లేకపోతే ముందువాడి అంకెలు వీడికి కనబడతాయి. 2018లో ఇంటెల్ ప్రాసెసర్లలో బయటపడిన లేజీ ఎఫ్‌పీ లోపంలోనూ కారింది ఇలా మిగిలిపోయిన పాత రిజిస్టర్లే.

తర్వాత రెండో కోర్. కెర్నల్లో టీపీ అనే రిజిస్టర్ కోర్ నంబరు మోస్తుంది, దాన్ని కాంటెక్స్ట్‌లో చేర్చకూడదు. ఒక కోర్ మీద ఆగిన ప్రాసెస్ ఇంకో కోర్ మీద లేస్తే పాత నంబరే పట్టుకొస్తుంది.