పెట్రోల్లో జిగురు కట్టే డయీన్లు: లెక్క ఎక్కడ తప్పుతుంది

నిల్వలో పెట్రోలు జిగురు కడుతోందంటే ముందు ఒలిఫిన్ల (జంట బంధమున్న హైడ్రోకార్బన్ల) శాతమే చూస్తారు. బీఎస్-6 మామూలు పెట్రోలుకు పరిమితి 21 శాతం; అది దాటలేదంటే ఇక ఆ ఊసే ఎత్తరు. నిజానికి జిగురుకు మొదట కారణమయ్యేవి కొద్దిపాటి కాంజుగేటెడ్ డయీన్లు, అంటే ఒక ఒంటి బంధం ఎడంగా రెండు జంట బంధాలున్నవి: ఐసోప్రీన్, పైపరిలీన్, సైక్లోపెంటాడయీన్. రిఫైనరీలో బరువైన నూనెను విరగ్గొట్టే ఎఫ్‌సీసీ యూనిట్ ఇచ్చే నాఫ్తాతో పాటే వస్తాయి.

సిలికాజెల్ గొట్టంలో రంగు పట్టీలు కొలిచే ఎఫ్ఐఏ పరీక్ష వీటిని విడిగా చూపదు. గ్యాస్ క్రొమటోగ్రఫీ (జీసీ)లోని 100 మీటర్ల కాలమ్, అంటే సన్నని గొట్టం, చాలావరకు విడదీస్తుంది కానీ, రెండు పదార్థాలు కలిసి దిగిన పీకులో (గ్రాఫు శిఖరంలో) ఎవరి వాటా ఎంతో మంటతో కొలిచే డిటెక్టర్ ఎఫ్ఐడీ చెప్పలేదు. వీయూవీ (వాక్యూమ్ అతినీలలోహిత) డిటెక్టరైతే 125–240 నానోమీటర్ల స్పెక్ట్రం చూస్తుంది. మామూలు ఒలిఫిన్ల శోషణ 190కి లోపే జోరుగా ఉంటుంది, కాంజుగేటెడ్ డయీన్లది 210 దాటాక కూడా కనిపిస్తుంది. గ్యాస్ లైన్లో చిన్న లీకున్నా గాలిలోని ఆక్సిజన్, తేమ బేస్‌లైన్ చెడగొడతాయి.

అసలు తలనొప్పి సైక్లోపెంటాడయీన్‌తోనే. సీసాలో ఊరికే ఉన్నా రెండేసి అణువులు జతకట్టి డైమర్ అవుతుంది. నమూనాను జీసీలోకి పంపే 250 డిగ్రీల ఇంజెక్టర్లో ఆ డైమర్ కొంత విరిగి మళ్లీ మోనోమర్ (ఒంటి అణువు) అవుతుంది. అదే నమూనా రెండు ఇంజెక్టర్ ఉష్ణోగ్రతల్లో రెండు అంకెలిచ్చిందంటే కారణం ఇదే అనుకోవచ్చు.

అందుకే యంత్రంలోకి పంపకముందే డయీన్లకు చప్పున అతుక్కునే ఎంటీఏడీ అనే రియేజెంటుతో వాటిని కట్టేయడం మేలు. ఇథనాల్, నీరు ఈ రియేజెంటును తినేస్తాయి. కాబట్టి పెట్రోలును ఐసులో పెట్టి, చల్లటి నీటితో రెండుసార్లు కడిగి, నిర్జల సోడియం సల్ఫేటు మీద ఆరబెట్టాలి. తర్వాత డైక్లోరోమీథేన్‌లో కరిగించిన ఎంటీఏడీని ఐసు మీదే చుక్కచుక్కగా కలపాలి. గులాబీ రంగు పోతుంటే ఇంకా డయీన్ ఉన్నట్టు. రంగు నిలిచిందంటే చాలు. అక్కడితో ఆపకపోతే 2-మిథైల్-2-బ్యూటీన్ లాంటి ఒలిఫిన్లు కూడా మెల్లగా కలిసి అంకె పెంచేస్తాయి.

జీసీ-ఎంఎస్‌లో (ద్రవ్యరాశి కూడా కొలిచే జీసీలో) ఈ సంకలనాలు, అంటే డయీన్, ఎంటీఏడీ కలిసిన అణువులు, పెట్రోలు పీకులన్నీ దాటాక దిగుతాయి. ఐసోప్రీన్, పైపరిలీన్ సంకలనాలు రెంటికీ ద్రవ్యరాశి 181 కాబట్టి దిగే సమయంతోనే గుర్తుపట్టాలి. సైక్లోపెంటాడయీన్‌ది 179, సీ6 (ఆరు కార్బన్ల గొలుసు) డయీన్లది 195. డయీన్లను మాలేయిక్ అన్‌హైడ్రైడ్‌తో కలిపి కొలిచే టైట్రేషన్ చవకే గానీ సిస్ రూపంలోని పైపరిలీన్ దానితో సరిగా కలవదు, అంకె తక్కువే వస్తుంది.

నమూనా గోధుమరంగు సీసాలో, పైన గాలి ఎక్కువ మిగలకుండా, 4 డిగ్రీలలోపు ఉంచాలి. పరీక్ష ఆ రోజే నడపాలి.