గుండె కోసం చేరితే కిడ్నీల మాట వచ్చింది

గత వర్షాకాలంలో ఆయాసం బాగా ముదిరి, రాత్రిళ్లు వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవలసి వస్తుండటంతో, మలక్‌పేటలోని మా ఇంటి నుంచి నన్ను నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లి చేర్చారు. గుండె ఒక్కో స్పందనలో తనలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటికి పంపుతుందో చెప్పే అంకెను ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటారు. ఆరోగ్యవంతుల్లో 55 శాతానికి అటూ ఇటూగానో, అంతకు మించో ఉండే ఆ అంకె నాకు 30కి పడిపోయిందని ఎకోలో (గుండె స్కాన్‌లో) తేలింది. ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా బయటికి పంపే లాసిక్స్ మందును రక్తనాళం ద్వారా ఎక్కించిన తర్వాత మూత్రం ధారాళంగా వచ్చింది, మోకాళ్ల దాకా పాకిన వాపు దిగసాగింది.

ఊపిరి తేలికపడుతున్న సమయంలోనే, చేరినప్పుడు 1.3 ఉన్న క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 1.8కి పెరిగింది. వరండాలో మా అబ్బాయి ఎవరితోనో ఫోనులో ‘డయాలసిస్’ అనడం నా చెవిన పడింది. గుండె జబ్బు అన్నప్పుడు కలగని భయం ఆ మాటతో కలిగింది. ఒంట్లో నీరంతా తోడేస్తున్నారు కాబట్టే కిడ్నీలు ఎండిపోతున్నాయని, లాసిక్స్ ఆపించి నీళ్లు బాగా తాగించాలని ఇంట్లో అందరూ అనుకున్నారు. మా చెల్లెలు ప్రేమతో కొబ్బరినీళ్లు తెచ్చింది.

కిడ్నీ డాక్టరు గారు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చొని, నాకూ నా భార్యకూ ఓపికగా చెప్పారు. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకు చేరుతుంది. గుండె నీరసిస్తే ఆ సరఫరా తగ్గడం ఒక కారణం. అంతకన్నా నా విషయంలో ముఖ్యమైనది, గుండెకు తిరిగి వచ్చే సిరల్లో రక్తం నిలిచిపోయి, కిడ్నీల నుంచి రక్తం బయటికి పోయే దారిలో ఒత్తిడి పెరగడం. కింద డ్రైనేజీ నిండిపోయినప్పుడు పైనుంచి ఎన్ని నీళ్లు పోసినా దిగవు కదా, అలాగే వడపోత మందగిస్తుంది. “బరువు తగ్గుతోంది, మెడ సిరల ఉబ్బు దిగుతోంది, బీపీ నిలకడగా ఉంది. ఇలాంటప్పుడు క్రియాటినిన్ కొంచెం పెరిగిందని మందు ఆపితే, నీరు మిగిలిపోయి మీరు మళ్లీ ఇక్కడికే వస్తారండీ,” అన్నారు. బీపీ పడిపోయి చేతులు కాళ్లు చల్లబడిన రోగికైతే ఇదే అంకెకు అర్థం వేరని, అందుకే రోజూ మనిషిని చూసి నిర్ణయించాలని కూడా చెప్పారు. ఆ ఒక్క వివరణ మా ఇంటిల్లిపాదికీ ధైర్యమిచ్చింది. ప్రతి వార్డులోనూ ఇలా కూర్చొని చెప్పేవారు ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

లాసిక్స్ కొనసాగింది. రక్తంలో పొటాషియం 5.6, అంటే ఉండాల్సినదానికన్నా ఎక్కువ, ఉండటంతో దాన్ని ఇంకా పెంచగల స్పైరోనోలాక్టోన్ అనే గుండె మందును తాత్కాలికంగా ఆపారు, పొటాషియం దండిగా ఉండే కొబ్బరినీళ్లు వద్దన్నారు. వాపు పూర్తిగా దిగాక క్రియాటినిన్ దానంతటదే 1.5కి వచ్చింది. డిశ్చార్జికి ముందు డాపాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర మొదలుపెడుతూ, మొదట్లో పరీక్షల్లో కిడ్నీల పనితీరు కాస్త తగ్గినట్టు కనిపించినా దీర్ఘకాలంలో ఇది గుండెకూ కిడ్నీకీ మేలే చేస్తుందని ముందే హెచ్చరించారు.

ఇప్పుడు పొద్దున్నే మూత్రవిసర్జన తర్వాత, టిఫిన్‌కు ముందు బరువు చూసి రాసుకుంటాను. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోను చేయమన్నారు. ఉప్పు ఎక్కువని ఆవకాయ మానేశాను, అది కష్టంగానే ఉంది. మోకాలి నొప్పికి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటివి తెచ్చుకోవడం పూర్తిగా ఆపేశాను, ఎందుకంటే అవి ఒంట్లో నీటిని నిలుపుతాయి, కిడ్నీలకు రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి. మొన్నటి పరీక్షలో పొటాషియం 4.6 వచ్చింది కాబట్టి స్పైరోనోలాక్టోన్ సగం మాత్రతో తిరిగి మొదలుపెట్టారు. వారం తర్వాత మళ్లీ రక్తం ఇవ్వాలి.