గ్యాస్ వచ్చింది

ఆదివారం. 2024 గోడ క్యాలెండర్ విప్పి నెలల కాగితాలన్నీ విడదీశాను. తిథులు, వర్జ్యాలు, రాహుకాలాలు అందరి ఇళ్లలోనూ ఉండేవే. నాకు కావలసింది గళ్లలో అత్తయ్య బాల్‌పెన్నుతో రాసుకున్నవి. పాలు రాని రోజు సున్నా, పనమ్మాయి రాని రోజు ఇంటూ మార్కు, ఉండుండి ఒక గడిలో "గ్యాస్ వచ్చింది". ఇల్లు ఏడాది పొడుగునా ఎలా నడిచిందో ఇంతకన్నా నిజాయితీగా ఎవరు రాస్తారు? వాటి మీద స్క్రీన్ ప్రింటింగ్‌తో గ్యాస్ బండ బొమ్మ అచ్చేయాలని ఉగాది ముందు నుంచీ అనుకుంటున్నాను.

స్క్రీన్లకి, అంటే చట్రానికి బిగించిన సన్నటి మెష్ గుడ్డలకి, వెలుతురు తగిలితే గట్టిపడే ఎమల్షన్ పూత నిన్న రాత్రే పూసి స్టోర్‌రూమ్ చీకట్లో ఆరబెట్టాను. ఎర్ర రంగుకి ఒకటి, నల్ల గీతలకి ఒకటి. పెళ్లికార్డులు వేసేవాళ్లలో కొందరు ఈ పూత ఎండకి గట్టిపడడానికి బైక్రోమేట్ అనే రసాయనం కలుపుతారు. చవక, పైగా ఎండలో తొందరగా గట్టిపడుతుంది. కానీ అందులో ఉండేది క్యాన్సర్ తెచ్చే రకం క్రోమియం. అన్నం వండుకునే ఇంట్లోకి దాన్ని రానివ్వలేను, అందుకే దాని బదులు డయాజో అనే రసాయనం వాడతాను. ఖరీదు కాస్త ఎక్కువ, ఎండలో ఇంకొంచెం సేపు ఉంచాలి, అంతే.

పదకొండింటికి మేడెక్కాను. కింద నల్లగుడ్డ చుట్టిన దిండు, దాని మీద స్క్రీన్, పైన ట్రేసింగ్ పేపర్ మీద నల్ల ఇంకుతో గీసిన బండ, అది కదలకుండా అద్దం. ఎండ తగిలినచోట ఎమల్షన్ బిగుసుకుంటుంది, ఇంకు అడ్డుపడినచోట మెత్తగానే ఉండిపోతుంది. ఆ మెత్తటిది కడిగేస్తే మెష్ కళ్లు తెరుచుకుని రంగు దిగడానికి దారి దొరుకుతుంది. కడగడానికి మా బాత్రూమ్‌లోని జెట్ స్ప్రేని మించింది లేదు. మొదట ఏమీ కనిపించదు. కాసేపటికి రెగ్యులేటర్ తగిలించే మూతి, దాని కింద పట్టీ మీద నేను రాసిన "బి-27" ఒక్కొక్కటే తేటపడ్డాయి. నిజం బండ మీదా అలాంటిదే ఉంటుంది. ఏ, బి, సి, డి అంటే ఏడాదిలో మూడేసి నెలల భాగాలు, పక్కనున్నది సంవత్సరం. ఆ గడువుకి బండని మళ్లీ పరీక్షకి పంపాలి. రోజూ వంటింట్లో ఎదురుగా ఉన్నా దాన్ని చదివేవాళ్లు తక్కువ.

క్యాలెండర్ కాగితం పల్చన, తడి తగిలితే ముడతలు పడుతుంది. అందుకని పొద్దున్నే నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో మందపాటి హ్యాండ్‌మేడ్ పేపర్ మీద అతికించి ఉంచాను. కొన్ని నెలలకి పక్కన పాత గ్యాస్ రశీదులు, అగరొత్తుల పెట్టె మీది బంగారు కాగితం కూడా అంటించాను. మే నెలకి ఏమీ అంటించలేదు. ఆ గళ్లలోని ఇంటూ మార్కులు చాలనిపించింది.

ఎర్ర యాక్రిలిక్‌లో ట్రాన్స్‌పరెంట్ బేస్ బాగా కలిపాను. లేకపోతే కింద రాతలన్నీ మాయమైపోతాయి. స్క్రీన్ కాస్త పైకెత్తి పట్టుకుని రంగుని ఒకసారి పల్చగా పరిచి, దించి, స్క్వీజీని, అంటే రంగు లాగే రబ్బరు అంచు పిడిని, వంచి ఒక్క లాగుడు లాగాలి. మధ్యలో ఆగానా, అక్కడ గీత పడుతుంది. ఏప్రిల్ ఉక్కలో కూడా ఫ్యాన్ ఆపేశాను, తిరిగితే రంగు మెష్‌లోనే ఎండిపోతుంది. చెమట కాగితం మీద పడకుండా తలకి తువ్వాలు కట్టుకుంటే మా ఆయన గుమ్మంలోంచి చూసి నవ్వి పోయాడు. సాయానికి మాత్రం రాలేదు.

రెండో రంగు సరిగ్గా మొదటిదాని మీద కూర్చోవడమే అసలు టెన్షన్. ప్లైవుడ్ చెక్క మీద మూలకి అట్టముక్కలు అంటించి కాగితం ప్రతిసారీ అక్కడే ఆనేలా చేశాను. 1962లో హాలీవుడ్ నటి మార్లిన్ మన్రో పోయాక అమెరికా చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ ఆవిడ ఫొటోని స్క్రీన్ చేసి, పెదాల ఎరుపు గీత దాటినా అలాగే వదిలేశాడు. అది ఆయనకి నప్పింది. ఇప్పుడు ఆ పేరు చెప్పి రంగులు పక్కకి జరిపేవాళ్లని చూస్తే నాకు బద్ధకమే కనిపిస్తుంది. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లికార్డు మీద పెళ్లికూతురి పేరు చుట్టూ వెంట్రుకవాసి తేడా రాకుండా బంగారు గీత వేసే మనిషి పనితనం ముందు అదెంత?

ఎర్ర అచ్చులు నేలంతా పరిచేసరికి అత్తయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏం అమ్మాయ్, బండన్నాక 14.2 కేజీలని ఉండొద్దూ?"

"నల్ల రంగులో వస్తుంది అత్తయ్యా."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఒక్కో నెలా చదవడం మొదలుపెట్టారు. జూలై దగ్గర ఆగారు. "ఇదేంటి, ఇంటూలు మూడేనా? అది వాళ్ల ఊరెళ్లి వారం దాకా రాలేదు కదా. పెన్ను ఇలా ఇవ్వు."

రంగు ఆరనివ్వండి అన్నా వినలేదు. నాలుగు ఇంటూలు కొట్టేశారు, ఒకటి బండ మీదికే వచ్చింది.