నాన్న జ్ఞాపకశక్తి పరీక్షలు: నా అనుభవం

డెబ్బై దాటాక నాన్న పేర్లు మర్చిపోతుంటే నేను కంగారుపడలేదు. కాసేపటికి గుర్తొచ్చేస్తే అది వయసుతో వచ్చేదే. నాకు టెన్షన్ పుట్టించినవి వేరే. పొద్దున చెప్పిన సంగతే సాయంత్రం మళ్లీ కొత్తగా చెప్పేవారు. జీవితమంతా లెక్కలు రాసిన మనిషి, నెల ఖర్చులు కూడడానికి గంటలు తీసుకునేవారు.

ఇలాంటివన్నీ తేదీలు వేసి ఒక కాగితం మీద రాసుకున్నాను. న్యూరాలజిస్టు దగ్గర అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది అదే. నాన్న ఎదురుగా ఆయన పొరపాట్లు ఏకరువు పెట్టడం నావల్ల కాదు. డాక్టరుగారు ముందు నాన్న అనుమతి అడిగి, తర్వాత నాతో విడిగా మాట్లాడారు. ఆ మర్యాద నాకు చాలా నచ్చింది.

డాక్టరుగారు అడిగినవి జ్ఞాపకం గురించే కాదు. టాబ్లెట్లు తనే వేసుకుంటున్నారా, డబ్బు వ్యవహారం చూసుకోగలుగుతున్నారా, ఒంటరిగా వెళ్లి రాగలుగుతున్నారా అని అడిగారు. అసలు తేడా అక్కడే తెలుస్తుందట. ఆలస్యమైనా, చీటీలు రాసుకునైనా తన పనులు తను చేసుకోగలిగితే మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్, అంటే జ్ఞాపకం, ఆలోచన కొద్దిగా తగ్గడం. పొట్టిగా ఎంసీఐ. రోజువారీ పనులకు మరొకరి సాయం తప్పనిసరి అయితే దాన్ని డిమెన్షియాగా చూస్తారు.

తర్వాత మోకా (MoCA) అని, జ్ఞాపకం, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే చిన్న పరీక్ష. 30 మార్కులు. పదకొండు గంటల పది నిమిషాలు చూపించేలా గడియారం గీయాలి, 100 లోంచి ఏడేడు తీసేస్తూ పోవాలి, ముందు చెప్పిన ఐదు మాటల్ని కాసేపాగి తిరిగి చెప్పాలి. ఏడుల లెక్క నాన్న తడుముకోకుండా చేశారు. ఐదు మాటల్లో రెండే గుర్తొచ్చాయి. మొత్తం 22. మామూలుగా 26, ఆపైన వస్తే బాగున్నట్టు లెక్క. చదువు తక్కువైనవారికి ఒక మార్కు కలుపుతారు. పరీక్ష మాత్రం వాళ్లకు బాగా వచ్చిన భాషలోనే చేయించాలి. కళ్లజోడు, చెవి మిషను ఉంటే తప్పక పెట్టుకుని వెళ్లాలి. మాట వినబడకపోతే గుర్తుండే ప్రశ్నే లేదు కదా.

ఆ 22 చూసి నాన్న ముఖం వాడిపోయింది. "మార్కులతోనే జబ్బు పేరు తేలదండీ, కారణం వెతకాలి" అన్నారు డాక్టరుగారు. రక్తపరీక్షల్లో థైరాయిడ్, బీ12 విటమిన్ చూశారు. ఎంఆర్ఐ తీశారు. దిగులు, నిద్ర, గురక గురించి కూడా అడిగారు. డిప్రెషన్ వల్లా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడడం వల్లా కూడా మతిమరుపు వస్తుంది.

ఇంట్లో వాడే మందులన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లాం. అందరికీ నేను గట్టిగా చెప్పేది ఇదే. నాన్న షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. అది ఎక్కువకాలం వాడితే కొందరిలో బీ12 తగ్గుతుంది. ఆయనకూ తగ్గింది. నిద్ర కోసం తనంతట తాను కొనుక్కుంటున్న మాత్రలో డైఫెన్‌హైడ్రమైన్ ఉంది. జలుబుకూ ఎలర్జీకీ వాడే పాత మందు అది. పెద్దవాళ్లలో బుర్రను మందగింపజేస్తుంది. దాన్ని ఆపించి, బీ12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మెట్‌ఫార్మిన్ మాత్రం ఆపొద్దన్నారు.

చివరికి తేల్చింది ఎంసీఐ అనే. ఎంసీఐ ఉన్నవాళ్లందరూ డిమెన్షియాలోకి వెళ్లరు. కొందరు ఏళ్ల తరబడి అలాగే ఉంటారు, కొందరు మామూలు స్థితికి వస్తారు కూడా. అందరికీ పనిచేసే మందు లేదు కాబట్టి వ్యాయామం, బీపీ, షుగరు అదుపు, వినికిడి, నలుగురితో కలవడం మీదే దృష్టి పెట్టమన్నారు.

నాన్న ఇప్పుడు రోజూ నడుస్తున్నారు. టాబ్లెట్లకు వారం గళ్ల డబ్బా ఆయనే నింపుకుంటారు, నేను ఒకసారి చూస్తానంతే. తన వీలునామా, బ్యాంకు కాగితాలు కూడా ఇప్పుడే, తను స్పష్టంగా ఆలోచించగలిగినప్పుడే సర్దుకుంటానన్నారు. ఆరు నెలలకు మళ్లీ మోకా రాయించి, ఈ 22తో పోల్చి చూస్తారు.