ట్రెండింగులో రథం

2022 మే నెలలో, అసని తుపాను రోజుల్లో, మా శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని సున్నాపల్లి తీరానికి పసిడి రంగు రథమొకటి కొట్టుకువచ్చింది. మత్స్యకారులు దానిని తాళ్లు కట్టి ఒడ్డుకు లాగుతున్న వీడియో చూస్తుండగానే దేశమంతా తిరిగింది. మా కుటుంబ వాట్సాప్ గ్రూపులోనే అది ఏడుసార్లు వచ్చింది. మొదట ‘బంగారు రంగు రథం’గా ఉన్నది నాలుగోసారికి ‘బంగారు రథం’ అయింది, ఏడోసారికి దాని తూకం కూడా తేలిపోయింది. ‘రంగు’ అన్న రెండక్షరాలు ఎవరి చేతిలో జారిపోయాయో తెలుసుకుందామని వెనక్కి వెళ్లి చూస్తే, అన్నింటి మీదా రెండు బాణాల గుర్తే ఉంది. ఆ గుర్తు ఉన్న సందేశం కనీసం అయిదు చేతులు మారి వచ్చినట్లే. 2020 ఏప్రిల్ నుంచి అటువంటివాటిని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపే వీలున్నా, మా వాళ్ల ఓపిక ముందు ఆ కట్టడి ఆగలేదు.

నౌపడ దగ్గర ఉండే మా బావమరిదికి ఫోన్ చేశాను. “బంగారమైతే మావోళ్లు ఈడియోలు తీసుకుంటూ కూకుంటారేటి బావా?” అని నవ్వాడు. అది బంగారం కాదనీ, వేరే దేశం నుంచి కొట్టుకువచ్చి ఉండవచ్చనీ అధికారులు చెప్పిన మాట కూడా వార్తల్లో వచ్చింది గాని, దానిని మా గ్రూపులో ఎవరూ పంపలేదు.

ట్రెండింగ్ అన్న మాటను ‘ముఖ్యమైనది’ అని చదువుకోవడంలోనే పొరపాటు ఉందని నాకు అనిపిస్తుంది. ఎక్స్‌లో పైకి వచ్చే మాటలు ఎక్కువమంది ఎన్నాళ్లుగానో అంటున్నవి కావు, ఇప్పటికిప్పుడు ఉన్నట్టుండి ఊపందుకున్నవి. జనం గూగుల్‌లో ఏ మాటను ఎంతగా వెతుకుతున్నారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో కనిపించే 100 కూడా మనుషుల లెక్క కాదు. మనం ఎంచుకున్న కాలంలో, ఆ ప్రాంతంలో జరిగిన మొత్తం వెతుకులాటలో ఆ మాట వాటా అన్నిటికన్నా ఎక్కువైన సమయాన్ని అది 100గా చూపి, తక్కినవాటిని దానితో పోల్చి కొలుస్తుంది. అందువల్ల ఏళ్ల తరబడి ఒకే తీరున సాగే బాధ ఆ గీతలో దాదాపు చదునుగానే ఉండిపోతుంది.

మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతం సంగతే చూడండి. కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా ఉంది, దానికి కారణం ఇదీ అని ఈనాటికీ తేలలేదు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ వచ్చినప్పుడు, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనప్పుడు ఆ పేరు వార్తల్లో మారుమోగింది. ఆ రెండు తేదీల మధ్య రోగం సెలవు తీసుకోలేదు.

రథం వచ్చిన వారంలోనే, డయాలసిస్‌కు వెళ్లే మా పెద్దమ్మను చూడటానికి వెళ్లాను. ఒక చేతికి గొట్టాలు ఉండగా, రెండో చేత్తో ఆమె ఫోన్ నా వైపు తిప్పి, “ఇది మనకాడేనట కదరా, నిజంగా బంగారమేనేటి?” అని అడిగింది.