నాలుగు ఇంకుల నలుపు: సంచిక పేజీలు కట్టిన నా అనుభవం

మా లైబ్రరీ వార్షికోత్సవ సంచిక నిన్న ప్రెస్సు నుంచి వచ్చింది. ఏ5 సైజు, 32 పేజీలు, మధ్యలో పిన్ను. పిన్ను పుస్తకానికి పేజీల సంఖ్య నాలుగుతో భాగింపబడాలి. లోపలి మార్జిను 20 మిల్లీమీటర్లు, బయట 15, కటింగు కోసం చుట్టూ 3 అదనం. ఇవన్నీ ఒక్క పూటలో అయిపోయాయి.

లీడింగు, అంటే వరుసకీ వరుసకీ మధ్య ఉంచే దూరం విషయంలో మాత్రం ఎవరి మాటా వినలేదు. 12 పాయింట్ల అక్షరానికి సాఫ్ట్‌వేరు తనంతట తాను 14.4 ఇస్తుంది. అది ఇంగ్లీషు లెక్క. తెలుగులో పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. నేను 19 పెట్టాను. పేజీలు పెరుగుతాయని కమిటీ గొణిగింది కానీ, ఇప్పుడు ముసలివాళ్లు కూడా ఆగకుండా చదువుతున్నారు. పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు ఇన్‌డిజైన్‌లో ఒత్తులు విడిపోతుంటే పేరాగ్రాఫు సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి.

పరువు పోయింది నలుపు దగ్గర. ప్లేట్లు వేసి తీసిన మొదటి షీటులో అక్షరాలన్నిటికీ ఎర్రటి, నీలపు అంచులు. "ఇన్నేళ్ల డిజైనరు, నలుపు ఇవ్వడం రాదా?" అని నలుగురి ముందు అడిగేశాడు మెషీను దగ్గరి మనిషి. ఫైలు ఎలా కావాలని నేను రెండుసార్లు అడిగితే "పీడీఎఫ్ చాలు సార్" అన్నది వాళ్లే. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

తప్పు మాత్రం నా ఫైలులోనే ఉంది. వ్యాసాలు ఆర్జీబీ నలుపుతో, అంటే కంప్యూటర్ తెర రంగుల లెక్కలో వచ్చాయి. అచ్చుకు వాడే నాలుగు ఇంకుల లెక్క సీఎంవైకేకి మారేటప్పుడు ఆ నలుపు సయాన్ (లేత నీలం) 75, మెజెంటా (ముదురు గులాబి) 68, పసుపు 67, నలుపు 90 శాతంగా చీలింది. ఒక్కో ఇంకుకు ఒక్కో ప్లేటు. ఆ నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా సన్నటి తలకట్టు మసకబారుతుంది, సున్నా పూడిపోతుంది. చదివే అక్షరానికి నలుపు 100, మిగతా మూడూ సున్నా ఉండాలి, ఓవర్‌ప్రింట్ పెట్టాలి, అంటే కింది రంగును తీసేయకుండా దాని మీదే నలుపు పడాలి. పీడీఎఫ్ చూసే అక్రోబాట్‌లో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి నలుపు ప్లేటు ఒక్కటీ ఆపి చూడండి. అక్షరాలు పూర్తిగా మాయమైతే ఫైలు సరిగ్గా ఉన్నట్టు. నా ఫైలులో 32 పేజీలూ బూడిదరంగులో అలాగే నిలబడ్డాయి.

కవరు మీది పెద్ద నల్ల పట్టీకి లెక్క వేరు. ఒక్క నలుపు ఇంకే వేస్తే వెలిసినట్టు కనిపిస్తుంది. నున్నటి ఆర్ట్ పేపరు కాబట్టి సయాన్ 60, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100 ఇచ్చాను. దాని మీద సన్నటి తెల్ల అక్షరాలు మాత్రం పెట్టకండి, ఇంకు నిండి మూసుకుపోతాయి.

ఆకుపచ్చ మీద ఎర్ర శీర్షిక కావాలని కమిటీ పెద్దాయన పట్టుబట్టారు. పేజీని నలుపు తెలుపులోకి మార్చి చూపించాను. రెండు రంగులూ ఒకే బూడిదైపోయి శీర్షిక కనబడలేదు. ఆయనే పసుపు మీద ముదురు మెరూన్ పెట్టమన్నారు.

ప్లేట్లు మళ్లీ వేయించిన ఖర్చు నేనే కట్టాను. ఇకపై ఆ ప్రెస్సు వాళ్లు ఫైలు సంగతి కాగితం మీద రాసిస్తేనే పని ఇస్తాను.