మందు తినే భాష, మందు వేసుకునే భాష

మా అమ్మాయికి నాలుగేళ్ళప్పటి సంగతి. తెనాలి నుంచి మా అమ్మ వీడియో కాల్ చేసింది. అప్పటికే హాల్లో చీకటి పడింది. "మొహాలు కనపడటం లేదే, లైటు వేసుకోండి" అంది. మా అమ్మాయి నావైపు తిరిగి, "అమ్మా, లైటు తెరువు" అంది. అటు మా అమ్మకు అర్థం కాలేదు. "ఏం తెరవమంటోందే? కిటికీయా?" అని అడిగింది.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు వెంటనే తెలిసిపోయింది. మేముండేది సింగపూర్‌లో, ఇక్కడి ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్లో. ఎదురింట్లో ఒక చైనీస్ పెద్దావిడ ఉంటారు. మా అంతస్తులో పిల్లలూ పెద్దలూ అందరం ఆవిణ్ణి ఆమా అనే పిలుస్తాం, నాయనమ్మ అన్నట్టు. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా మా అమ్మాయి ఆవిడ దగ్గరే ఉండేది. ఆమా తన ఇంగ్లీషులో లైటును ఓపెన్ చేస్తారు, ఫ్యానును క్లోజ్ చేస్తారు. చైనీస్‌లో తలుపు తెరవడానికీ లైటు వేయడానికీ ఒకటే మాట, ఖాయ్. ఆ ఖాయ్ ఆమా ఇంగ్లీషులో ఓపెన్ అయింది. అక్కణ్ణుంచి మా అమ్మాయి నోట్లో పడి తెలుగులో తెరువు అయింది.

మర్నాడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆమా ముందే పిల్లను సరిదిద్దాను. "ఓపెన్ ద లైట్ అనకూడదు, అది తప్పు ఇంగ్లీషు" అన్నాను. ఆమా ఏమీ అనలేదు. తర్వాత వారం రోజులూ మా అమ్మాయితో ఆవిడ చేతి సైగలతోనే సరిపెట్టారని నాకు ఆలస్యంగా తెలిసింది. సాయంత్రం వెళ్ళి, "నాది పొరపాటు, మీరు పిల్లతో మాట్లాడండి, అన్ని భాషల్లోనూ మాట్లాడండి" అని చెప్పాను. ఆవిడ బొప్పాయి కోస్తున్నారు. ముందు ఒక ముక్క నా చేతిలో పెట్టారు. తర్వాత మెల్లగా తన సంగతి చెప్పారు. ఆవిడ పుట్టి పెరిగిన భాష హొక్కియెన్, చైనీస్ భాషల్లో ఒకటి. 1979లో ఇక్కడ ప్రభుత్వం మాండరిన్ మాట్లాడండని ప్రచారం మొదలుపెట్టింది. హొక్కియెన్, టియోచ్యూ, కాంటొనీస్ లాంటి మిగతా చైనీస్ భాషలు ఇళ్ళల్లో తగ్గుతూ వచ్చాయి. ఆవిడ మనవలు ఇంగ్లీషు, మాండరిన్ మాట్లాడతారు. నాయనమ్మతో నాలుగు ముక్కలు హొక్కియెన్‌లో మాట్లాడాలంటే వెతుక్కోవాలి. "నా మనవరాలు నాతో మాట్లాడేది తక్కువ, నీ కూతురు ఎక్కువ" అన్నారు. ఆ మాట విన్నాక మళ్ళీ ఎవరి క్రియనూ తప్పు పట్టబుద్ధి కాలేదు.

ఇప్పుడు మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ప్రైమరీ 3 చదువుతోంది. ఇక్కడి బడిలో ఇంగ్లీషుతో పాటు ఇంటి భాష కింద ఇంకో భాష చదవాలి. మాండరిన్, మలయ్, తమిళం ఉన్నాయి. మన దేశం భాషల్లో వాటితో పాటు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు. తెలుగు లేదు. అందుకని మా అమ్మాయి హిందీ చదువుతుంది, తెలుగు ఇంట్లో మాతోనూ తెనాలితోనూ నడుస్తుంది.

పోయిన ఏడాది మా బ్లాకు నాలుగో అంతస్తులోకి చైనా నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. తండ్రి ఉద్యోగం అక్కడే. పిల్లల చదువు కోసం ఇలా తోడు వచ్చే తల్లుల్ని ఇక్కడ పెయ్‌డూ మామా అంటారు, చదువుకు తోడున్న అమ్మ అని. ఆ పిల్ల మా అమ్మాయి క్లాసులోనే చేరింది. పుస్తకం చూసి నేర్చుకున్న ఇంగ్లీషు మాటలు దానికి వందల కొద్దీ వచ్చు. నోటుబుక్కులో ఎడమ వైపు ఇంగ్లీషు మాట, కుడి వైపు చైనీస్ అర్థం, గీత కొట్టినంత చక్కగా రాసుకుంది. టేక్ అనే మాట పక్కన ఉన్నది ఒకటే అర్థం. నా. అంటే చేత్తో పట్టుకోవడం, తీసుకోవడం.

మొదటి వారంలోనే టీచరు "టేక్ యువర్ సీట్" అన్నారట. ఆ పిల్ల లేచి, రెండు చేతులా కుర్చీ ఎత్తి పట్టుకుని, ఎక్కడ పెట్టమంటారని చూసిందట. క్లాసంతా నవ్వింది. ఆ టీచరు మంచావిడ. పిల్లల్ని ఊరుకోబెట్టి, కంగారు పడకమ్మా అనే అర్థంలో "టేక్ యువర్ టైమ్" అన్నారు. అదింకో టేక్. ఇంతకీ ఏం తీసుకోవాలో తెలియక ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సాయంత్రం ఇదంతా చెబుతూ మా అమ్మాయి నవ్వలేదు. "అమ్మా, తనను మనింటికి పిలవనా?" అంది.

అలా శనివారాలు మా డైనింగ్ టేబుల్ దగ్గర ఇద్దరూ కూర్చోవడం మొదలైంది. ఆ పిల్ల నన్ను ఆయీ అంటుంది, చైనీస్‌లో పిన్ని, ఆంటీ లాంటి పిలుపు. నేను టీచర్ని కాను. కానీ రెండు మూడు వారాలకు ఒకటి బాగా అర్థమైంది. టేక్ అనే క్రియకు సొంత బరువు చాలా తక్కువ. పక్కనున్న నామవాచకమే అర్థమంతా మోస్తుంది. మందు, బస్సు, ఫోటో, పరీక్ష, నోట్సు, కునుకు, వీటన్నిటికీ ఇంగ్లీషు ఒక్క టేక్‌నే తగిలించి ఊరుకుంటుంది. చైనీస్ అలా కాదు, పనికి తగ్గ క్రియ పెడుతుంది. మందు తింటారు. బస్సులో కూర్చుంటారు. జ్వరం కొలుస్తారు. స్నానానికి కడుక్కోవడం అనే మాట. ఫోటోకు వాడే ఫాయ్ అనే మాటకు అసలు అర్థం తట్టడం, చరచడం. అందుకే ఆ పిల్ల కాంపోజిషన్‌లో "మా అమ్మ నా ఒంటి వేడి కొలిచింది, నేను మందు తిన్నాను, బస్సులో కూర్చుని బడికి వచ్చాను" అని ఇంగ్లీషులో రాసుకొచ్చింది. ప్రతి వాక్యం కిందా ఎర్ర గీత. నాకు మాత్రం ఆ వాక్యాల్లో ఏం జరిగిందో పూసగుచ్చినట్టు కనిపించింది.

మందు తిన్నాను అన్న దగ్గర మా అమ్మాయి ఎగిరి గంతేసింది. "అమ్మా, హిందీలో కూడా తింటారు! దవాయి ఖావో!" అంది. అవును కదా. హిందీ వాళ్ళు మందు తింటారు. మనం వేసుకుంటాం, మింగుతాం, సీసా మందైతే తాగుతాం. పరీక్షయితే ఇంకా బాగుంది. ఇంగ్లీషు వాళ్ళు పరీక్ష తీసుకుంటారు, హిందీ వాళ్ళు ఇస్తారు, మనం రాస్తాం. నోటి పరీక్షయినా, లెక్కలు కంప్యూటర్ మీద చేసినా, పరీక్ష రాశావా అనే కదా అడుగుతాం.

ఆ రోజు కొత్త నోటుబుక్కు తీశారు. స్కేలు పెట్టి మూడు గడులు గీశారు. ఇంగ్లీషు, చైనీస్, తెలుగు. ఆ పిల్ల చైనీస్ గడి నింపుతుంది, కింద ఇంగ్లీషు అక్షరాల్లో పలుకుబడి రాస్తుంది. మా అమ్మాయి తెలుగు గడి నింపుతుంది. తెలుగు చేత్తో రాయడం దానికి అంతంత మాత్రం. ఈ పుస్తకం కోసం ఒత్తులు నేర్చుకుంది. కునుకు తీయి అని రాయాల్సి వచ్చినప్పుడు ఆగి, "అమ్మా, తలుపు కూడా తీయి అంటాం కదా?" అని అడిగింది. అక్కడ మొదలైంది. తలుపు తీయి. ఫోటో తీయి. పరుగు తీయి. గుంజీలు తీయి. రాగం తీయి. సినిమా తీయడం. పదిలోంచి మూడు తీసెయ్. ఇంగ్లీషుకు టేక్ ఎలాగో మనకు తీయి అలాగ. ఫోటో దగ్గరా కునుకు దగ్గరా రెండూ కలుస్తాయి, తలుపు దగ్గర విడిపోతాయి.

ఆ పిల్ల ఊరుకుంటుందా? తన ఖాయ్ బయటికి తీసింది. తలుపు ఖాయ్, లైటు ఖాయ్, కారు నడపడం ఖాయ్, మీటింగు పెట్టుకోవడం ఖాయ్, పువ్వు విచ్చుకోవడం ఖాయ్, డాక్టరు మందు రాసివ్వడం ఖాయ్, మాట వరసకు హాస్యమాడటం ఖాయ్. సంతోషం అంటే ఖాయ్ షిన్, మనసు విప్పారడం. నేను మా అమ్మాయి వంక చూశాను. తను కూడా నన్నే చూస్తోంది. "లైటు తెరువు!" అంది. అయిదేళ్ళ కిందటి మాట. దాన్ని మేం ఇంట్లో తరచూ చెప్పుకుంటూనే ఉన్నాం. ఎందుకు తెరువు అయిందో మాత్రం పిల్లకు ఆ రోజే తెలిసింది. వెంటనే ఎదురింటి తలుపు కొట్టి, ఆమాకు చెప్పి వచ్చింది.

అన్నిటికంటే ఆ పిల్లకు ఎక్కువ ఉపయోగపడింది బ్రింగ్‌కీ టేక్‌కీ తేడా. రేపు బడికి డబ్బా బ్రింగ్ చేయాలా, టేక్ చేయాలా? దానికి ఎప్పుడూ టెన్షనే. పుస్తకంలో నిర్వచనాలు ఉన్నాయి, చదివినా తల తిరుగుతుంది. మన తెలుగులో ఇది నల్లేరు మీద బండి నడక. తీసుకురా, తీసుకెళ్ళు. తీసుకోవడం రెంటికీ ఉమ్మడి. మనవైపు వస్తే రా, అటు పోతే వెళ్ళు. చైనీస్‌లో కూడా అచ్చం ఇలాగే ఉంటుందని ఆ పిల్ల చెబితే తెలిసింది. డాయ్ అంటే వెంట తీసుకోవడం. డాయ్ లాయ్ అంటే తీసుకురావడం, డాయ్ ఛ్యు అంటే తీసుకెళ్ళడం. లాయ్ అంటే రా, ఛ్యు అంటే వెళ్ళు. రెండు భాషలకూ చుట్టరికం ఏమీ లేదు, అయినా ఈ ఒక్క చోట ఒకే దారిలో నడిచాయి. ఆ తర్వాత ఆ పిల్ల ఇంగ్లీషు మాట్లాడే ముందు మనసులో లాయ్, ఛ్యు అనుకుంటుంది. లాయ్ అయితే బ్రింగ్. ఛ్యు అయితే టేక్. మళ్ళీ తప్పలేదు.

టుక్, టేకెన్ గొడవ వేరు. చైనీస్‌లో క్రియ కాలాన్ని బట్టి మారదు, అందుకని నిన్న కూడా టేక్, రేపు కూడా టేక్ అని రాసేస్తుంది. అది సాధనతో వస్తుంది, వస్తోంది. టేక్ ఆఫ్, టేక్ ఆఫ్టర్ లాంటివి ఇంకా కష్టం. బూట్లు విప్పడమూ టేక్ ఆఫే, విమానం లేవడమూ టేక్ ఆఫే. ఇక్కడి చాంగీ ఎయిర్‌పోర్టు నుంచి లేచే విమానాలు మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తాయి. విమానం నేల మీద తొడుక్కున్న బూట్లు విప్పేసి ఎగిరిపోతోందని మా అమ్మాయి చెప్పింది. వ్యాకరణానికి అది సరైన కారణమో కాదో గానీ, పిల్ల మరిచిపోలేదు.

ఒక విషయం మాత్రం కటువుగానే చెప్పాలి. ఆ పిల్లను వాళ్ళమ్మ ఒక ట్యూషన్ సెంటర్లో చేర్పించింది. అక్కడ చెప్పిన మొదటి మాట, ఆరు నెలలు ఇంట్లో చైనీస్ పూర్తిగా మానేయండి అని. ఆ తల్లికి వచ్చిన ఇంగ్లీషు పాతిక ముక్కలు. ఆ పాతిక ముక్కలతో కూతురితో మాట్లాడాలని ప్రయత్నించింది, పాపం. పది రోజులకు ఇంట్లో మాటే లేకుండా పోయింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తినడం, అంతే. ట్రాన్స్‌లేషన్ యాప్ పెట్టుకుని ఆవిడ నాకీ సంగతి చెబుతుంటే నాకు ఆమా గుర్తొచ్చారు. మన వాళ్ళ ఇళ్ళూ గుర్తొచ్చాయి. ఇక్కడైనా, డాలస్‌లో అయినా, హైదరాబాద్‌లో అయినా, పిల్లలకు ఇంగ్లీషు బాగా రావాలని ఇంట్లో తెలుగు ఆపేసిన తల్లిదండ్రులు నాకు ఎంతో మంది తెలుసు. ఆ యాప్‌లోనే టైపు చేసి ఆవిడకు చెప్పాను: మీరు చైనీస్‌లోనే మాట్లాడండి, కథలు చెప్పండి, తిట్టాలన్నా చైనీస్‌లోనే తిట్టండి, ఖాయ్ వచ్చిన పిల్లకు టేక్ వస్తుంది. ఆవిడ చదివి, ఫోను బల్ల మీద పెట్టి, చాలాసేపు తల ఊపింది.

ఇంగ్లీషు ఎలా వచ్చిందంటే, నెమ్మదిగా వచ్చింది. ఏడాది చివరి పరీక్ష రోజు పొద్దున లిఫ్టు దగ్గర ఇద్దరూ కలిశారు. ఆ పిల్ల చేతులు చల్లగా ఉన్నాయట. మా అమ్మాయి దాంతో "మన్ మన్ లాయ్" అంది. టేక్ యువర్ టైమ్‌కు వాళ్ళ పుస్తకంలో రాసుకున్న చైనీస్ అదే. మాటకు మాట చూస్తే, మెల్లమెల్లగా రా. దానికి ఆ పిల్ల తెలుగు గడిలోది చూసి నేర్చుకున్న "నిదానంగా కానీ" తిరిగి చెప్పింది. ఆ 'నిదానంగా'లో దకారం తకారమైపోయింది. అయితే ఏం, నేను వెనకే నిలబడి విన్నాను.

సెలవుల్లో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. పిల్లలిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఉప్పు గుప్పిట్లో పట్టుకుని దిష్టి తీసింది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంది. అయిపోగానే లేచి వెళ్ళి నోటుబుక్కు తెచ్చింది. మా అమ్మాయి తెలుగు గడిలో దిష్టి తీయి అని రాసింది, ఒత్తు సరిగ్గా పెట్టింది. చైనీస్ గడిలో ఏం రాయాలో అడగడానికి ఇద్దరూ ఆమా ఇంటికి పరుగు తీశారు. అక్కడ ముగ్గురూ కూర్చుని అరగంట మాట్లాడుకుని ఏదో ఒకటి రాశారు. ఇంగ్లీషు గడి ఇంకా ఖాళీగా ఉంది.